నాలుగో రౌండు

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున ఐదింటికి అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వెళ్తే రకరకాల మనుషులు పరిగెత్తుతూ కనిపిస్తారు. షుగరు ఉందని డాక్టరు చెబితే వచ్చినవాళ్లు, పెళ్లి కుదిరాక ఒళ్లు తగ్గాలని వచ్చినవాళ్లు, పోలీసు సెలక్షన్ల పిల్లలు. నేను మాత్రం పరుగు కోసం వెళ్లలేదు. మా పాపకు తోడుగా వెళ్లాను.

పాప కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతూ ఉండేది. రాతపరీక్షంటే దానికి బెదురు లేదు. దిగులంతా 1600 మీటర్ల గురించే. ఆడపిల్లలు ఆ దూరం 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. అంటే 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు రౌండ్లు. చీకట్లో ఒక్కదాన్నే పంపలేక నేనూ వెంట పోయేదాన్ని. సున్నం గీత దగ్గర నిలబడి ఫోన్లో టైం చూడటం, నీళ్ల సీసా పట్టుకోవడం, అదే నా పని. మొదటి రోజు 13 నిమిషాలు పట్టింది. నెల తిరిగేసరికి 11న్నర. అక్కడితో ఆగిపోయింది. మూడు రౌండ్లు బాగానే వచ్చేది. నాలుగో రౌండులో వేపచెట్టు మలుపుకు రాగానే నడకలోకి దిగేది. రోజూ అదే మలుపు, రోజూ అదే వేపచెట్టు.

ఆషాఢం వచ్చింది. మన అనంతపురం గాలి సంగతి మీకు నేను చెప్పాలా! ఎర్రమట్టి లేచి కళ్లలో కొడుతోంది. ఆ రోజు పాప మలుపులో ఆగి, నడుము పట్టుకుని వంగిపోయి, "నా వల్ల కాదమ్మా" అని కేకేసింది. నాకేమనిపించిందో ఏమో, సీసా కింద పెట్టి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చెప్పులు అక్కడే విడిచి పరిగెత్తాను. పక్కకు చేరి, "రా, ఇద్దరం పోదాం" అన్నాను. నాకప్పుడు నలభై ఆరేళ్లు. పెళ్లయ్యాక నేను పరిగెత్తడం అదే మొదలు. గీత దాటి మట్టిలో కూలబడ్డాను. ఊపిరి అందడం లేదు. అరికాలి నిండా పల్లేరుకాయలు. పాప నా కాలు తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే తీసింది. తీస్తూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

మర్నాటి నుంచి నాలుగో రౌండు ఇద్దరిదీ. సల్వారు, బూట్లు కొనుక్కున్నాను. కొన్నాళ్లకు మూడో రౌండూ నాదే అయింది.

పాప 10 నిమిషాల 12 సెకన్లలో గట్టెక్కింది. ఉద్యోగం వచ్చింది. ట్రైనింగుకు బస్సెక్కించి ఇంటికొచ్చాను. మర్నాడు నాలుగున్నరకే మెలకువ వచ్చింది. ఇప్పుడు ఎవరికి తోడు పోవాలి? అయినా లేచి వెళ్లాను.

ఎందుకు వెళ్లానా అని చాలాసార్లు ఆలోచించాను. ఫౌజా సింగ్ అని పంజాబు రైతు ఒకాయన ఉండేవారు. 1994లో కొడుకు ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖం మరవడానికి ఆయన పరుగు పట్టుకున్నారు. 2000లో, 89 ఏళ్ల వయసులో, లండన్ మారథాన్ పరిగెత్తారు. 42 కిలోమీటర్ల పైచిలుకు! ఆయనది కడుపుకోత, నాది వట్టి ఖాళీ ఇల్లు. రెంటికీ పోలిక లేదు. కానీ కాళ్లు ఆడుతున్నంతసేపూ మనసు ఒకచోట కుదురుగా ఉంటుందని నాకూ తెలిసింది. ఆ నలభై నిమిషాలు నేను ఎవరికీ వండక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

కొత్తగా మొదలుపెట్టే అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. వేగంగా పోకండి. పక్కమనిషితో మాట్లాడుతూ పరిగెత్తగలగాలి, అదే మీ కొలత. మాట తెగుతోందంటే వేగం తగ్గించండి. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మళ్లీ నిమిషం పరుగు. మాట్లాడుతూ, మాట్లాడుతూ పోండి. పాప ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతులు నాకు చెప్పింది ఆ మూడో రౌండులోనే. గుండెల్లో నొప్పిగానీ కళ్లు తిరగడంగానీ ఉంటే వెంటనే ఆగి డాక్టరుకు చూపించుకోండి. ఎండాకాలంలో పొద్దు పొడవకముందే ముగించండి.

ఇప్పుడు మా గ్రౌండుకు ఇంకో అమ్మాయి వస్తోంది, సెలక్షన్ల కోసమే. వాళ్లమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంటుంది. నిన్న ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను. "రేపు ఒక్క రౌండు నాతో రా వదినా, నడిచైనా సరే" అన్నాను. చూస్తానంది.