మండావ్ కత్తి పాతదో కాదో ఎలా చూడాలి?

నమస్కారం అండి. పోయిన వీడియో కింద ఒకరు ఫోటో పెట్టి అడిగారు: "వేలంలో ఈ మండావ్ రెండొందల ఏళ్లదని చెబుతున్నారు, నమ్మొచ్చా?" అని. మండావ్ అంటే బోర్నియో దీవిలో దయాక్ తెగల కత్తి. కయాన్ తెగ వాళ్లు దీన్నే మలాట్ అంటారు.

ఫోటోలో ఒర మీద అల్లిన పేము కొత్తగా ఉంది. అంతమాత్రాన నకిలీ అనేయకండి. రెండు చెక్కలను కలిపి కట్టే ఆ పేము ఎండి తెగిపోతుంది, మళ్లీ కడతారు. పక్కన ఉండే చిన్న కత్తి కూడా చాలాసార్లు పోయే ఉంటుంది. అందుకే అలుగు, పిడి, ఒర, వీటి వయసు విడివిడిగా చూడాలి.

నేనైతే ముందు అలుగే చూస్తాను. మంచి పాత మండావ్ అలుగు ఒక పక్క కొద్దిగా ఉబ్బుగా, రెండో పక్క కొద్దిగా లోతుగా ఉంటుంది. కుడిచేతి వాళ్లకు ఒకలా, ఎడమచేతి వాళ్లకు ఇంకోలా చేసేవాళ్లు. పర్యాటకులకు అమ్మేవి చాలావరకు రెండు పక్కలా రేకులా చదునుగా ఉంటాయి. ఇత్తడి చుక్కలు పొదిగారు కదా అని మురిసిపోకండి, అవి కొత్తవాటికీ పెడతారు.

తర్వాత పిడి. దుప్పి కొమ్ము చెక్కి, అలుగు తోకను చెట్టు బంకతో అందులో బిగిస్తారు. ఏళ్ల తరబడి చెయ్యి తగిలితే చెక్కడంలో ఎత్తైన చోట్లు అరిగి నున్నబడతాయి, లోతుల్లో మురికి నల్లగా పేరుకుంటుంది. అంచులు పదునుగా ఉండి, రంగు అంతటా ఒకేలా ఉంటే నాకు అనుమానమే.

రకం తెలిస్తే కాలం కూడా కొంత తేలుతుంది. దయాక్‌లలోనే ఇబాన్ అనే తెగ వాళ్ల జింపుల్ కత్తి 19వ శతాబ్దం రెండో సగంలో వచ్చిన రకం అంటారు. కాబట్టి రెండొందల ఏళ్ల జింపుల్ అని ఎవరైనా అమ్మితే అక్కడే ఆగండి.

పోల్చి చూడటానికి మ్యూజియం వస్తువులే నాకు పెద్ద ఆధారం. బోర్నియోలోని సారవాక్‌లో పనిచేసిన అధికారి చార్లెస్ హోస్ సేకరించినవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియానికి చేరిన ఏడాది రాసి ఉంటే, ఆ కత్తి అంతకు ముందే తయారైందని ఖాయం కదా!

అడిగినవారికి ఒక మాట. అమ్మేవాళ్లను మొన వైపు నుంచి అలుగు ఫోటో, పిడి దగ్గరి ఫోటో అడగండి. కొన్నా సరే, తుప్పు పోవాలని గరుకు కాగితంతో రుద్దకండి.