పాత మిలిటరీ జీపు: విప్పడం నుంచి ప్రదర్శన దాకా

శ్రోతలకు నమస్కారం.

సైన్యం వదిలేసిన పాత జీపునో, అంతకన్నా పెద్దదైన జోంగా అనే బండినో కొని, విప్పి, మళ్లీ బిగించి, నలుగురికీ చూపించడం కొందరికి ఇష్టమైన వ్యాపకం. కంటోన్మెంటును ఆనుకుని పెరిగిన మన సికింద్రాబాదులో, తిరుమలగిరి ఈఎంఈ కళాశాల చుట్టుపక్కల, ఈ బళ్లంటే ముచ్చటపడే వాళ్లకు కొదవ లేదు.

ఇందులోకి దిగేవాళ్లు మొట్టమొదట అడిగేది రంగు గురించే. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ఒకటుంది. రక్షణ శాఖది కాని ఏ బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదన్నది దాని సారాంశం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు వేసింది ఆలివ్ డ్రాబ్, అందులో కాస్త గోధుమ ఛాయ ఉంటుంది, ఇది వేరే రంగు అని వాదించవచ్చు. రోడ్డు మీద ఆపిన అధికారికి ఆ తేడా కనబడాలని లేదు. అలాగే పైకి చూసే బాణం గుర్తున్న నంబరు సైన్యానిదే. అలంకారానికి కూడా మన బండి మీద రాయించకూడదు.

మరి ఏ రంగు వేయాలి? చరిత్రలో నిజంగా ఉన్న వేరే రంగు వేయాలి. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ దళాలు నడిపిన జీపులకు ఇసుక రంగు ఉండేది. యుద్ధం అయ్యాక పౌరులకు అమ్మిన జీపులు రకరకాల రంగుల్లో వచ్చాయి. సైనిక రంగు వేస్తే మాత్రం మెరుపు లేని మ్యాట్ రంగే వేయండి. మెరిస్తే శత్రువుకు దొరికిపోయే బండి అది. పెళ్లి కారులా పాలిష్ కొట్టిస్తే పడిన శ్రమంతా వృథా. ఇంకో మాట, బోనెట్ కిందో డ్యాష్‌బోర్డు వెనకో అరచేయంత మేర పాత రంగు గీకకుండా వదిలి, దాని మీద పారదర్శక లక్క వేయండి. ఆ బండి ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఇక బండిని గుర్తుపట్టడం. యుద్ధకాలపు జీపులు రెండు రకాలు: విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ. 1941 నుంచి 1945 దాకా రెండూ కలిపి 6 లక్షలకు పైగా తయారయ్యాయి. మన దగ్గర వీటి పేరుతో అమ్మకానికి వచ్చేవాటిలో చాలా భాగం తర్వాతి కాలపు పౌర జీపులే. అందుకే ముందు వైపు జాగ్రత్తగా చూడండి. యుద్ధకాలపు జీపు జాలికి 9 చీలికలుంటాయి. హెడ్‌లైట్లు జాలి కన్నా లోపలికి ఉండి, ఇంజిన్ మీద వెలుతురు పడేలా వెనక్కి తిప్పుకోవడానికి వీలుగా ఉంటాయి. వెనక తలుపు ఉండదు, పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది. పౌర జీపు సీజే-2ఏకి 7 చీలికలు, వెనక తలుపు ఉంటాయి. మహీంద్రా వాళ్ల సీజే-3బీని ఎత్తైన బోనెట్ చూసి దూరం నుంచే చెప్పవచ్చు. ఎంబీనా జీపీడబ్ల్యూనా తేల్చాలంటే ముందు బంపరు వెనక అడ్డంగా ఉన్న ఛాసిస్ ముక్కను చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు తమ బోల్టుల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టేవారు. ఒక్కో బోల్టూ తుడిచి చూస్తుంటే ఎక్కడెక్కడ మారిందో తెలిసిపోతుంది.

జోంగా సంగతి వేరు. నిస్సాన్ పట్రోల్ ఆధారంగా 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన బండి ఇది. 6 సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోలు ఇంజిన్. జీపు కన్నా బరువు, వెడల్పు, పెట్రోలు ఖర్చు అన్నీ ఎక్కువ. సందు చివర ఇల్లున్నవాళ్లు కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి.

కాగితాలు లేని బండి ఎంత చవకగా వచ్చినా వద్దు. సైన్యం వేలంలో అమ్మిన బండికి రక్షణ శాఖ అధికారి ఇచ్చిన ఫారం 21 అమ్మకపు పత్రం ఉండాలి. దాని అసలు ప్రతి లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారని బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది, పునరుద్ధరణకు 5,000. ఈ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. సైన్యంలో ఉన్నన్నాళ్లూ బండికి ఆర్టీఏ రిజిస్ట్రేషన్ ఉండదు గనుక, 50 ఏళ్లను ఏ తేదీ నుంచి లెక్కపెడతారో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టిన జీపులు మన దగ్గర చాలా ఉన్నాయి. వింటేజ్ నంబరు ఆశ ఉంటే అలాంటిది కొనకండి.

పానా పట్టే ముందు కెమెరా పట్టండి. ప్రతి వైరు, ప్రతి గొట్టం, ప్రతి బ్రాకెట్టు రెండు వైపుల నుంచి ఫొటో తీయాలి. నట్లు, బోల్టులు ఏ భాగానివి ఆ సంచిలో వేసి చీటీ కట్టాలి. బంపర్ల మీద, బోనెట్ పక్కన రంగును యంత్రంతో ఒక్కసారిగా గీకేయవద్దు. 400 నంబరు నీటి గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్దితే పాత సైనిక నంబర్లు, దళాల గుర్తులు పొర కింద నుంచి బయటపడతాయి. వాటిని స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి. పాత రంగులో సీసం ఉంటుంది, పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి రుద్దడానికి అదీ ఒక కారణం.

జీపు బాడీ ఎక్కువగా తుప్పు పట్టేది పైకి కనపడని చోట. నేల రేకు కింద అడ్డంగా టోపీ ఆకారపు రేకు పట్టీలుంటాయి. వాటి లోపల చెక్క కూరి ఉంటుంది. ఆ చెక్క నీళ్లు పీల్చుకుని ఏళ్ల తరబడి తడిగా ఉండి, పట్టీని లోపలి నుంచి తినేస్తుంది. సుత్తి పిడితో తట్టండి. గణగణమంటే రేకు బాగుంది, బొదబొదమంటే పట్టీ మార్చాలి. ట్యాంకు కూర్చునే గుంట కూడా ఇలాగే పోతుంది. ఇసుక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు వదిలించడం, ఛాసిస్‌కు మంచిదే. బోనెట్ లాంటి చదును రేకు మీద చేయిస్తే అలలు తేలుతుంది, మళ్లీ సాపు కాదు. బ్లాస్టింగ్ అయిన రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా ఎర్రబారుతుంది. చిన్న భాగాలను ప్లాస్టిక్ తొట్టిలో 4 లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి అందులో ముంచి, బ్యాటరీ ఛార్జరు నెగటివ్ వైరు భాగానికి, పాజిటివ్ వైరు అదే తొట్టిలో ఉంచిన ఒక పనికిరాని ఇనుప రేకుకు తగిలిస్తే తుప్పు ఊడిపోతుంది. ఆ రేకుగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడకండి, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. స్ప్రింగులను ఇందులో ముంచకూడదు, పెళుసుబారి విరుగుతాయి.

ఎంబీ ఇంజిన్ 2.2 లీటర్లు, 4 సిలిండర్లు, 60 హార్స్‌పవర్. వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి. పట్టేసిన ఇంజిన్ని తాడు కట్టి లాగించి తిప్పాలని చూడకండి. ప్లగ్గు రంధ్రాల్లో ఆటోమేటిక్ గేర్ ఆయిలు, అసిటోను సమపాళ్లలో పోసి వారం ఉంచి, హ్యాండిల్‌తో అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. హెడ్డు విప్పాక ఎగ్జాస్ట్ వాల్వు సీటుకీ సిలిండర్ బోరుకీ మధ్య ఉన్న సన్నటి గోడను చూడండి. ఈ రకం ఇంజిన్లు పగిలేది అక్కడే. కంటికి కనపడని పగులును ఎర్ర రంగు, తెల్ల పొడి స్ప్రేల డై పరీక్ష పట్టిస్తుంది. ఈ పరీక్ష చేయించకుండా బోరింగుకు ఇస్తే లేతు పని డబ్బులు బూడిదలో పోసిన పన్నీరే. బిగించేటప్పుడు హెడ్డు నట్లను మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, 65 ఫుట్‌పౌండ్ల బిగింపు దాకా తేవాలి. వాల్వు సందు అంగుళంలో వెయ్యింట 14 వంతులు, పాయింట్ల సందు 20, ప్లగ్గు సందు 30. ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు మండే క్రమం, 1-3-4-2.

యుద్ధకాలపు జీపు కరెంటు 6 వోల్టులది. స్టార్టరు నీరసంగా తిరుగుతోందని చాలామంది వెంటనే 12 వోల్టులకు మార్చేస్తారు. తప్పు ఎక్కువసార్లు కేబులుది. వోల్టేజీ సగమైతే అదే పనికి కరెంటు రెట్టింపు పోవాలి, సన్న కేబులు ఆ కరెంటును మోయలేదు. 50 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి కేబులు వేసి, ఎర్తు తగిలే చోట రంగు గీకి బిగిస్తే 6 వోల్టులతోనే చక్కగా అందుకుంటుంది.

చక్రాల దగ్గర రెండు ప్రమాదాలున్నాయి, ఈ భాగం శ్రద్ధగా వినండి. ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, మామూలుకు ఎదురుగా తిప్పితేనే ఊడతాయి. తెలియని పంక్చర్ షాపులో పానాకు గొట్టం తగిలించి బలంగా తిప్పితే స్టడ్డు విరిగిపోతుంది. రెండోది ప్రాణాంతకం. సైనిక జీపు రిమ్ము రెండు సగాలుగా ఉండి నట్లతో కలిపి ఉంటుంది. హబ్బుకు దగ్గరగా ఉన్న 5 నట్లు చక్రం విప్పడానికి. వాటికి బయటగా వలయంలో ఉన్నవి రిమ్ము సగాలను పట్టి ఉంచేవి. టైరులో గాలి ఉండగా ఆ బయటి నట్లు వదులు చేస్తే సగాలు తుపాకి గుండులా విడిపోతాయి. వాల్వు కోర్ పూర్తిగా తీసేసి, గాలంతా పోయిందని చేత్తో నొక్కి చూశాకే వాటిని ముట్టుకోవాలి. బయటి నట్లకు ఎర్ర రంగు పూయడం మంచి అలవాటు.

చక్రాల బేరింగులు 18590, వాటి కప్పులు 18520. ఈ నంబర్లు చెబితే రాణిగంజ్ బేరింగు దుకాణాల్లో వెతుక్కోవడం తేలిక.

బ్రేకులు ఒకే సర్క్యూట్. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందుకే గొట్టాలు, హోసులు, వీల్ సిలిండర్ల రబ్బర్లు అన్నీ ఒకేసారి కొత్తవి వేయాలి. ఇందులో పొదుపు చేయకండి. డాట్ 3 ద్రవం తేమ పీల్చుకుంటుంది, కదలకుండా నిలబడే బండిలో సిలిండర్లకు గుంటలు పడతాయి, రెండేళ్లకోసారి మార్చాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, డ్రమ్ములో ధూళిని గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడవండి. హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాదు, ఇరుసుకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. వెనక చక్రం ఒక్కటి జాకీ మీద లేస్తే, రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల బండి కదిలిపోతుంది. జాకీ పెట్టే ముందు మిగతా చక్రాలకు దిమ్మలు వేయాలి.

గేర్‌బాక్సులో జీఎల్-4 రకం 90 ఆయిలు పోయండి. జీఎల్-5లోని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తింటాయి. తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేయకూడదు.

ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, ట్యాంకులో గట్టిపడిన జిగురును కరిగించి కార్బురేటరుకు పంపుతుంది. పెట్రోలు పంపులో ఇథనాల్‌ను తట్టుకునే వైటన్ రబ్బరు డయాఫ్రమ్, వైటన్ హోసు, కనపడే గాజు ఫిల్టరు తప్పనిసరి. మే నెల ఎండలో ట్యాంక్‌బండ్ ట్రాఫిక్కులో ఇంజిన్ ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ అందుకుందంటే పెట్రోలు గొట్టంలో ఆవిరి కట్టిందని అర్థం. గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా మళ్లించి, మధ్యలో రేకు అడ్డం పెట్టాలి. పంపు మీద తడిగుడ్డ వేస్తే అప్పటికి గడుస్తుంది.

ప్రదర్శనకు తీసుకెళ్లడం గురించి. వెనక ఇరుసు నిష్పత్తి 4.88, అంటే గంటకు 60 కిలోమీటర్ల దగ్గరే ఇంజిన్ నిమిషానికి 2,100 చుట్లు దాటుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు వేగాలకు ఈ బండి పుట్టలేదు, దూరమైతే ట్రక్కు మీద ఎక్కించండి. మైదానంలో చక్రాలకు దిమ్మలు, ఇంజిన్ కింద ఆయిలు ట్రే, పక్కన 2 కిలోల మంటలార్పే సిలిండరు, బ్యాటరీ వైరు ఊడదీసి ఉండాలి. పిల్లలు ఎక్కుతారు, ఎక్కనివ్వండి. గేరు న్యూట్రల్లో ఉందా, తాళంచెవి జేబులో ఉందా చూసుకోండి. యుద్ధకాలపు జీపు స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది గనుక, పార, గొడ్డలి డ్రైవరు వైపు, అంటే ఎడమ పక్కనే బిగించాలి. నకిలీ తుపాకులు, సైనిక యూనిఫారాలు వద్దు, పోలీసులతో లేనిపోని తలనొప్పి.

పక్కన పెట్టే పలక తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో రాయించండి. తయారైన సంవత్సరం, ఫ్యాక్టరీ, ఇంజిన్ వివరాలతో పాటు ఏవి అసలు భాగాలు, ఏవి కొత్తగా వేసినవి, రంగు ఎందుకు ఇలా ఉంది అన్నవి విడివిడిగా రాయాలి. ఆలివ్ గ్రీన్ ఎందుకు లేదని అడిగేవాళ్లకు బోనెట్ ఎత్తి, వదిలిపెట్టిన ఆ పాత ముక్కను చూపించండి. ఇంటికొచ్చాక బండి నెలల తరబడి కదలదనుకుంటే ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేసి, టైర్ల మీద బరువు పడకుండా ఇరుసుల కింద స్టాండ్లు పెట్టండి. నమస్కారం.