ఒక్క ఓమెరు చాలు

శ్రోతలకు వందనాలు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేసుకునే తీర్మానాలు చాలా పెద్దవి. ఏడాదిలో బైబిలంతా చదవాలి, రోజూ తెల్లవారుజామున గంటసేపు ప్రార్థన, శుక్రవారం ఉపవాసం. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు చదివినా డిసెంబరు నాటికి ఇంకా మిగులుతాయి. ఆదికాండం కథలతో సాగిపోతుంది, నిర్గమకాండం ఎలాగో లాగుతాం, ఫిబ్రవరికి లేవీయకాండంలో బలుల దగ్గర బండి దిగబడుతుంది. ఆ పుస్తకం తప్పేం లేదు లెండి, మన వేగమే తప్పు.

ఈ తప్పు ప్రకాశం జిల్లా పొగాకు రైతులకు బాగా తెలుసు. బ్యారన్‌లో, అంటే పొగాకు కాల్చే కొట్టంలో, ఆకు ఎక్కించాక ముందు 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పసుపు తిరగనివ్వాలి. ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ, ఈనె ఎండే వేళకి 160 దాకా తేవాలి. మొదటి రోజే మంట ఎగదోస్తే ఆకు పచ్చగానే ఎండి బిగుసుకుపోతుంది. ఆ మీదట ఎంత కట్టె తగలేసినా రంగు తిరగదు.

నిర్గమకాండం 16వ అధ్యాయంలో మన్నా సంగతి, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం సంగతి చూడండి. మనిషికి ఒక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్ల కొలత. పొద్దున్నే ఏరుకోవాలి, ఎండెక్కితే కరిగిపోతుంది. మర్నాటికి దాచొద్దన్నాడు మోషే. కొందరు దాచారు. పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం రెండేసి ఓమెర్లు ఏరుకోమన్నారు. విశ్రాంతి దినానికి అట్టిపెట్టిన ఆ రెండోది చెడిపోలేదు. మన్నా అదే, దాచడమూ అదే. ఒకసారి చెప్పిన మాట మీరి దాచారు, ఇంకోసారి చెప్పారని దాచారు. వాళ్లు తన మాట ప్రకారం నడుస్తారో లేదో పరీక్షించడానికే ఏ రోజు బత్తెం ఆ రోజు ఇస్తున్నానని దేవుడే నాలుగో వచనంలో అన్నాడు.

కాబట్టి మొదలుపెట్టేవాళ్లు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకొకటి. పైకి చదివితే పది నిమిషాల లోపే. అన్నిటికంటే పొడుగైన 14వ అధ్యాయానికి ఇంకాస్త పడుతుంది. చదివాక ఒక చిన్న పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం రాయాలి: ఇవాళ నేను చేయాల్సింది ఏమిటి? ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. 'ప్రేమగా ఉంటాను' అని రాస్తారు. రాత్రికి అది జరిగిందో లేదో ఎలా తేలుతుంది? 'కొట్టులో బాకీ ఉన్న 500 సాయంత్రంలోగా కట్టేస్తాను' అని రాస్తే తేలుతుంది. 'పొగాకు బేలు మధ్యలో నాసి ఆకు పెట్టను', 'పాలకేంద్రానికి పోసే పాలలో నీళ్లు కలపను', 'మాటలు లేని తోడికోడలికి ఈ పూట నేనే ఫోన్ చేస్తాను' లాంటివి రాయండి. ఎవరికి, ఏమిటి, ఎప్పుడు, ఈ మూడూ ఆ వాక్యంలో ఉండాలి.

ఒక రోజు తప్పిపోతే? మర్నాడు రెండు అధ్యాయాలు చదివి, పూట పస్తుండి సరిపెట్టాలని చూస్తాం. మూడు రోజులు తప్పితే ఆ బాకీకి భయపడి పుస్తకమే మూసేస్తాం. నిన్నటి మన్నా ఇవాళ నేల మీద ఉండదు. తప్పినందుకు క్షమాపణ అడిగి, ఇవాళ్టిది ఏరుకోవడమే.

ఇంకో చిక్కు ఏమిటంటే, దేవుడితో బేరం. ఫలానాది చేశాను కనుక మా వాడికి ఉద్యోగం ఇయ్యి ప్రభువా అనడం మొక్కు కిందికి వస్తుంది గానీ నమ్మకం కాదు. సారెపతు విధవరాలు ఉన్న పిడికెడు పిండితో ముందు ఏలీయా ప్రవక్తకు చిన్న అప్పం చేసింది. ఆ తర్వాత తొట్టి నిండిందని రాయలేదు, పిండి తక్కువ కాలేదని మాత్రమే రాసి ఉంది. కరువు తీరేదాకా ఆమె రోజూ ఆ తొట్టి అడుగునే తడుముకుని ఉంటుంది.

కరువంటే మన ఒంగోలు సంగతీ చెప్పాలి. 1854 జనవరి 1న నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. ఇప్పుడు మనం ప్రార్థన కొండ అంటున్నది అదే. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. 1867లో సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవాళ్లను మాత్రం ఆపాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఏడాదికి పైగా 'ఇప్పుడు కాదు' అంటూనే వచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరికీ గుర్తుండేది ఆ అంకె. నన్నడిగితే, అంతకుముందు రోజూ చెప్పిన ఆ 'ఇప్పుడు కాదు' అన్నదే కష్టమైన పని.

మార్కు మొదటి అధ్యాయంలో 45 వచనాలు. రేపు పాలు పోయడానికి బయల్దేరే ముందు అయిపోతాయి.