వెనక సీటు ఒప్పుకుంటేనే బండి బుక్ అవుతుంది

(మన కార్లు, మన అభిరుచులు: స్టూడియో చర్చ)

వ్యాఖ్యాత: నమస్కారం. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. టాటా డిజైన్ స్టూడియో పుణెలో ఉంది. రెనో 2025 ఏప్రిల్‌లో చెన్నైలో కొత్త డిజైన్ కేంద్రం తెరిచింది. ఇక్కడే కూర్చుని గీస్తే బండిలో ఏం మారుతుంది? మాట్లాడటానికి ముగ్గురు వచ్చారు. పుణె, చెన్నై స్టూడియోల్లో పనిచేసిన కార్ డిజైనర్, విజయవాడలో షోరూమ్ నడిపే మేనేజర్, చాలాకాలంగా కార్ల మీద రాస్తున్న జర్నలిస్టు. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

డిజైనర్: మొదట మారేది ఎండండీ. యూరప్‌లో ఎండ ఏటవాలుగా పడుతుంది. డోర్ మీద సన్నటి వంపు గీసినా అక్కడ తెలుస్తుంది. మన దగ్గర నడినెత్తిన కొట్టే ఎండలో ఆ వంపు కనపడదు. పైగా మనవాళ్లు కొనేవి ఎక్కువగా తెల్ల కార్లు. అందుకే మట్టిలాంటి క్లేతో చేసిన ఫుల్ సైజు కారు నమూనాకి వెండిరంగు ఫిల్మ్ అంటించి ఆరుబయటికి తోయిస్తాం. వెలుగు ఏ గీత దగ్గర ఆగుతోంది, ఎక్కడ చెదిరిపోతోంది అని చుట్టూ తిరిగి చూస్తాం. చాలాసార్లు గీతని ఇంకాస్త పదునుగా చెక్కాల్సి వస్తుంది. క్లే అంటే మామూలు మట్టి కాదు, వేడి తగిలితే మెత్తబడుతుంది. మే నెలలో బయట పెట్టాలంటే మోడలర్లకి టెన్షనే.

మేనేజర్: మా కస్టమర్లు వంపులు చూసేలోపే డోర్ వేసి చూస్తారు మేడమ్. ధబ్ మని పడాలి. టప్ మంటే 'రేకు డబ్బాలా ఉందే' అనేస్తారు. తర్వాత ఇంట్లో పెద్దావిడని వెనక కూర్చోబెడతారు. డబ్బు కట్టేది కొడుకే, కానీ అందరూ ఆవిడ మొహంకేసే చూస్తుంటారు. చీర కుచ్చిళ్లు గడపకి తగలకుండా, నడుం వంచకుండా ఎక్కి కూర్చుని 'బానే ఉందిరా' అన్నదంటే బేరం సగం కుదిరినట్టే.

డిజైనర్: మేం దాన్ని హిప్ పాయింట్ అంటాం. కూర్చున్నప్పుడు తుంటి నేలకి ఎంత ఎత్తులో ఉంటుందన్నది. మరీ కిందకి ఉంటే కారులోకి పడినట్టు కూర్చోవాలి, మరీ పైకి ఉంటే ఎక్కడం కష్టం. కుర్చీలో కూర్చున్నట్టు ఉంటేనే పెద్దవాళ్లకి హాయి.

జర్నలిస్టు: 1998లో హ్యుందాయ్ శాంత్రో నిలబడింది దానివల్లే. కొరియాలో అమ్ముతున్న ఆటోస్‌నే మనకోసం ముందూ వెనకా మార్చి తెచ్చారు. పొడుగ్గా ఉందని నవ్వినవాళ్లే, ఎక్కి దిగాక కొన్నారు. ఇంకో సంగతి. అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చిన టాటా ఇండికా బాడీని గీయడంలో ఇటలీ స్టూడియో చెయ్యి ఉంది. కానీ మారుతి జెన్ అంత సైజులో అంబాసిడర్ అంత జాగా కావాలన్న కొలత రతన్ టాటాది. కాబట్టి స్టూడియో ఏ ఊళ్లో ఉందన్నది నాకంత పెద్ద విషయం కాదు. ఎవరి కొలత మీద గీస్తున్నారన్నదే చూడాలి.

డిజైనర్: అక్కడే నేను ఒప్పుకోను సార్. కొలత సరిగ్గా తీసుకుని కూడా దెబ్బతిన్న బండి మన కళ్లముందే ఉంది.

జర్నలిస్టు: ఎటియోస్ అంటారా?

డిజైనర్: అవును. 2010లో వచ్చింది. టొయోటా ఇంజినీర్లు మన రోడ్లూ ఇళ్లూ తిరిగి చూసి చేసిన బండి. వెనక కాళ్ల దగ్గర గుట్ట లేకుండా చదునైన ఫ్లోర్, ముగ్గురు ఇరుక్కోకుండా కూర్చునే సీటు, దాదాపు 590 లీటర్ల డిక్కీ. అడిగినవన్నీ ఇచ్చారు. మీటర్లు మాత్రం స్టీరింగ్ వెనక కాకుండా డాష్‌బోర్డ్ మధ్యలో పెట్టారు. ప్లాస్టిక్ చూస్తే ఎక్కడ పైసలు మిగిల్చారో ఇట్టే తెలిసిపోయేది. ట్యాక్సీవాళ్లు కళ్లకద్దుకున్నారు. ఇంటి ముందు పెట్టుకోవాల్సినవాళ్లు 'క్యాబ్‌లా ఉంది' అన్నారు. 2020లో ఆపేశారు. మన అవసరం వేరు, మన ముచ్చట వేరు. అవసరాన్ని సర్వే చేసి తెలుసుకోవచ్చు. ముచ్చట తెలియాలంటే ఈ మనుషుల మధ్యే బతకాలి.

మేనేజర్: నిజం మేడమ్. కారు కొన్నాక మొదట వెళ్లేది గుడికి, తర్వాత చుట్టాలింటికి. ఆ చుట్టాలింటి ముందు దిగేటప్పుడు ఎలా ఉంటుందన్నదానికే సగం డబ్బులు పెడతారు.

వ్యాఖ్యాత: నాలుగు మీటర్ల గొడవ కూడా చెప్పండి. ఇన్ని కార్లు ఒకే పొడవు ఎందుకుంటాయి?

జర్నలిస్టు: అది అభిరుచి కాదు, పన్ను. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. మారుతి డిజైర్ చూడండి. 2008లో 4160 మిల్లీమీటర్లు ఉండేది, 2012లో 3995కి కోసేశారు. డిక్కీ 440 లీటర్ల నుంచి 316కి పడిపోయింది. తోక తెగినట్టు కనపడినా విపరీతంగా అమ్ముడైంది. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చినా ఆ గీత చెరగలేదు. గీతకి లోపలున్న చిన్న కార్లకి 18 శాతం, దాటినవాటికి 40.

డిజైనర్: డిజైర్‌లా వెనక డిక్కీ పొడుచుకొచ్చే సెడాన్‌ని కోస్తే తోక తెగినట్టే ఉంటుంది, ఎస్‌యూవీని కోస్తే తెలియదు. 2016లో బ్రెజా అదే 3995లో వచ్చింది. దాన్ని పూర్తిగా మన దేశంలోని మారుతి ఇంజినీర్లే తయారుచేశారు. నిటారుగా నిలబెట్టిన ముక్కు, రెండు రంగుల పైకప్పు. చిన్న బండే, పెద్దదానిలా నిలబడింది. ఇక శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సైరోస్ చూడండి. అదీ నాలుగు మీటర్లలోపే. వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వాలుతుంది, సీట్లోంచి చల్లగాలి వస్తుంది. ఇదివరకు ఇవన్నీ ముందు సీటువాళ్లకే.

మేనేజర్: దాని పెట్టె ఆకారం కొందరికి నచ్చదు. వెనక కూర్చున్నాక మాట్లాడరు.

వ్యాఖ్యాత: ప్రేక్షకుల నుంచి ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటి. కొత్త కార్లలో దేవుణ్ణి ఎక్కడ పెట్టాలి?

డిజైనర్: (నవ్వుతూ) మా మీటింగుల్లో ఇది నిజంగానే వస్తుందండీ. పాత డాష్‌బోర్డులు చదునుగా ఉండేవి. ఇప్పుడు వాలుగా ఉంటున్నాయి, మధ్యలో పెద్ద స్క్రీన్. జనం ఎడమవైపు జాగా వెతుకుతారు. కానీ అక్కడే ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అది విచ్చుకుంటే పైనున్న విగ్రహం నేరుగా మొహం మీదికి వస్తుంది. దయచేసి అక్కడ అంటించకండి. మేం స్క్రీన్ కింద చిన్న చదును వదలాలని చూస్తాం. ఫోన్ ఛార్జర్ టీమ్ కూడా అదే చోటు అడుగుతుంది.

మేనేజర్: స్క్రీన్ వెనకాల పెట్టి, స్వామి కనపడట్లేదని మళ్లీ మాకే ఫోన్ చేస్తారు. లేత రంగు సీట్ల సంగతి కూడా చెప్పండి మేడమ్. పూజ రోజే పసుపూ కుంకుమా అంటుకుంటాయి.

డిజైనర్: లోపల వెలుతురుగా, పెద్దగా కనపడుతుందని లేత రంగే అడుగుతారు. అందుకే కింది భాగం ముదురు, పై భాగం లేత. సన్‌రూఫ్ విషయంలో మాత్రం నేను ఓడిపోయాను. మన ఎండలకి అది దండగ, తల దగ్గర ఎత్తు కూడా తగ్గిపోతుంది.

మేనేజర్: అది లేని మోడల్ చూపిస్తే పిల్లలు బండి దిగి వెళ్లిపోతారు మేడమ్!

వ్యాఖ్యాత: ఎలక్ట్రిక్ కార్లతో వెనక సీటు మెరుగవుతుందా? సమయం తక్కువుంది.

డిజైనర్: కొంత ఇబ్బందే. బ్యాటరీ ఫ్లోర్ కింద ఉంటుంది. ఫ్లోర్ లేస్తే మోకాళ్లు లేస్తాయి, తొడలకి ఆనిక ఉండదు. పైకప్పు ఎత్తుదామంటే గాలి అడ్డు పెరుగుతుంది. వెనక పాదాల దగ్గర కొన్ని బ్యాటరీ సెల్స్ తీసేసి పల్లం చేయొచ్చు. పోర్షే టైకాన్‌లో అలాగే చేశారు. మన ధరలో, మన పొడవులో చేస్తే రేంజ్, అంటే ఒకసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం తగ్గుతుంది.

మేనేజర్: ఎన్ని కిలోమీటర్లు తగ్గుతుందో చెప్పండి మేడమ్, అప్పుడు మాట్లాడదాం.