ఫోన్-ఇన్: ఎత్తు ఎక్కితే కుదుపులు, పొద్దున్నే వణుకు

యాంకర్: ఈ వారం ఫోన్లన్నీ ఒకే గొడవ మీద. ఇంజన్ మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో ఏదో సిలిండర్లో పెట్రోలు మండకపోవడం. రోడ్డు మీద ఏడిపిస్తుంది, షెడ్డుకి తీసుకెళ్తే బుద్ధిగా ఉంటుంది. తణుకు నుంచి మొదటి కాలర్. చెప్పండి సార్.

కాలర్: నమస్కారమండీ. 1998 మారుతీ 800 అండి, కార్బురేటర్ బండి. చదును రోడ్డు మీద శుభ్రంగా పోద్దండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ థర్డ్ గేర్లో తొక్కామంటే కుదుపులే కుదుపులు. ప్లగ్గులు కొత్తవేశారు, కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగారు.

మెకానిక్: రెండుసార్లు కడిగారా! సరే. తొక్కగానే కుదుపుతుందా, ఎక్కడం మొదలెట్టిన నాలుగైదు సెకన్లకి నీరసపడుతుందా?

కాలర్: తొక్కగానేనండి. టక్కు టక్కుమని.

మెకానిక్: పెట్రోలు అందకపోతే ఫ్లోట్ చాంబర్లో, అంటే కార్బురేటర్లోని చిన్న పెట్రోలు గిన్నెలో ఉన్నంతసేపూ లాగి, ఆ తర్వాత బలం తగ్గుతుంది. తొక్కగానే తెగినట్టు కుదిపితే ముందు కరెంటు వైపు చూడాలి. ఇంకో పరీక్ష ఉంది. మిస్సింగ్ వస్తుండగానే చోక్ పావు వంతు లాగండి, గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. బండి సర్దుకుంటే మిశ్రమం పల్చబడినట్టు, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేనట్టు. పెట్రోలు వచ్చే సన్న కన్నం, జెట్‌లో మురికి ఉండొచ్చు, ఇంజన్లోకి మిశ్రమం వెళ్లే మానిఫోల్డ్ దగ్గర గాలి పీలుస్తూ ఉండొచ్చు. బంకులో పోసే, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలూ ఈ బళ్లకి కొంచెం పల్చనే. కిలో మామూలు పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. ఇంజెక్షన్ బండి సెన్సర్ చూసుకుని పెట్రోలు పెంచుకుంటుంది, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు.

కాలర్: చోక్ లాగి చూశానండి, తేడా ఏం లేదు.

మెకానిక్: అయితే కార్బురేటర్ జోలికి ఇక వెళ్లొద్దు. కొత్త ప్లగ్గుల డబ్బా ఉంటే నంబరు చదవండి.

కాలర్: చివర గీత పెట్టి 11 అని ఉందండి.

మెకానిక్: అదిగో. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గు నంబరు చివర 11 అంటే నిప్పురవ్వ దూకే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. మీ బండికి 0.7 నుంచి 0.8 ఉండాలి. మరలు సరిగ్గానే పడతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పెడల్ తొక్కితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు అదే గ్యాప్ దాటాలంటే కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి. ఆ వోల్టేజి ప్లగ్గు కంటే తేలిక దారి దొరికితే అటే దూకేస్తుంది. స్లో స్పీడులో ఆ అవసరమే రాదు, అందుకే షెడ్డులో ఏమీ దొరకదు. ప్లగ్గులు మార్చకముందు మిస్సింగ్ లేదా?

కాలర్: ఉండేదండి. వర్షం పడితేనే వచ్చేది.

మెకానిక్: అయితే ప్లగ్గులొక్కటే కాదు. ఎక్కడో ఇన్సులేషన్ ముందే కారుతోంది, గ్యాప్ పెరిగాక ఎండలో కూడా బయటపడింది. సరైన ప్లగ్గులు వేసి, రాత్రి చీకట్లో హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్లో ఇంజన్ నడుపుతూ బానెట్ ఎత్తండి. బట్టలకి నీళ్లు చల్లే స్ప్రేయరుతో ప్లగ్ వైర్ల మీదా, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీదా సన్నగా చల్లండి. పైపుతో కొట్టొద్దు, వైర్లు ముట్టుకోవద్దు. నీలం మెరుపు ఎక్కడ కనిపిస్తే తప్పు అక్కడే.

ఇంజన్ ఆపాక క్యాప్ విప్పండి. లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటే ఉప్పుకాగితంతో రుద్దకండి, మార్చేయండి. కాలిన గీత మళ్లీ కరెంటుకి దారే. మధ్యలో ఉండే కార్బన్ ముక్క నొక్కితే లోపలికెళ్లి స్ప్రింగుతో తిరిగి రావాలి. వైర్లు ఒక్కొక్కటే తీసి మీటర్ పెట్టి, వంచుతూ చూడండి. పొడుగు వైరుకి ఓమ్‌లు ఎక్కువ చూపడం మామూలే, అంకె ఎగిరెగిరి పడితే మాత్రం పారేయండి. అన్నీ ఒకేసారి పీకితే సిలిండర్లు మండే 1-3-2 వరస తప్పుతుంది.

కాలర్: ఇవన్నీ బాగానే ఉంటేనండీ?

మెకానిక్: డిస్ట్రిబ్యూటర్ లోపల సన్నటి వైరు ఒకటి ఉంటుంది. ఇంజన్ పీల్పు, అదే వాక్యూమ్, లాగినప్పుడల్లా అక్కడి ప్లేటు తిరుగుతుంది, దాంతో ఆ వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది. పెడల్ తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు కదులుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఇంజన్ స్లోలో ఉంచి, ఆ వాక్యూమ్ పైపు కార్బురేటర్ వైపు ఊడదీసి, ఆ కన్నం వేలితో మూసి, పైపుని నోటితో పీల్చి వదలండి. పీల్చినప్పుడో వదిలినప్పుడో ఇంజన్ తడబడితే ఆ వైరే. పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ అయితే పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో కూడా చూడండి.

యాంకర్: కరీంనగర్ కాలర్, చెప్పండి.

కాలర్: నమస్తే అన్నా. 2011 స్విఫ్ట్ పెట్రోల్. పొద్దుగాల స్టార్ట్ చేస్తే ఒక నిమిషం గడగడ వణుకుతది, తర్వాత మంచిగైతది. చెక్ ఇంజన్ లైటు కొట్టుకుంటది. స్కానర్ల పీ0302 అని వచ్చింది.

మెకానిక్: లైటు కొట్టుకుంటున్నప్పుడు రేజ్ చేయకండి తమ్ముడూ. మండని పెట్రోలు, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి తేనెతుట్టె కరుగుతుంది. 0302 అంటే రెండో సిలిండర్ అని మాత్రమే, ఏ పార్టు అని కాదు. రెండో కాయిల్ మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టి కోడ్ చెరిపేయండి. మర్నాడు పొద్దున 0303 వస్తే కాయిల్ పోయినట్టు. 0302 అలాగే ఉంటే ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది తప్పో తెలియదు. అవునూ, ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ తగ్గుతోందా?

కాలర్: రెండు వారాలకొకసారి కొంచెం పోస్తున్ననన్నా.

మెకానిక్: అయితే కాయిల్ సంగతి తర్వాత. బండి ఆపాక కూలెంట్ ఒత్తిడి చాలాసేపు దిగదు. ఇంజన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య సీలు, హెడ్ గ్యాస్కెట్, కొంచెం వదిలితే రాత్రంతా బొట్టు బొట్టుగా సిలిండర్లోకి దిగుతుంది. పొద్దున నిమిషంలో అది ఆవిరై పోయాక ఇంజన్ సర్దుకుంటుంది. రేపు స్టార్ట్ చేయకముందే రెండో ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉన్నా, మిగతావాటికంటే కడిగినట్టు తెల్లగా ఉన్నా గ్యాస్కెట్ మీదే అనుమానం. తడి ఉంటే ప్లగ్గు బిగించి స్టార్టర్ కొట్టొద్దు, నీళ్లు నిండి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లన్నీ తీసేసి, ప్లగ్గు లేకుండానే ఇంజన్ తిప్పండి, ముఖం పక్కకి పెట్టుకుని. ఆ రంధ్రంలోంచి చిమ్మింది కూలెంటో కాదో రంగే చెబుతుంది.