రంగు వెలిసిన లారీ, రంగు ఊడిన లారీ

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు పాత లారీల రంగు గురించి మాట్లాడుకుందాం. లారీ ఉన్నవాళ్లకే కాదు, ట్రాక్టరు ట్రాలీ, పాత జీపు, ఆఖరికి ఇంటి ముందు ఇనుప గేటు ఉన్నవాళ్లకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది, ఎందుకంటే ఇనుము ఎక్కడైనా ఇనుమే, మన అనంతపురం ఎండ ఎవరినీ వదలదు.

తాడిపత్రి నుంచి యర్రగుంట్ల వైపు పోయే రోడ్డు మీద కాసేపు నిలబడి చూడండి. సిమెంటు లోడు, బండల లోడు, బొగ్గు లోడు, ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. వాటిలో పదేళ్లు దాటిన బండ్లు తక్కువేం కాదు. కొన్నింటి క్యాబిన్ రంగు పూర్తిగా వెలిసిపోయి ఉంటుంది, ఎరుపు కాస్తా ఇటుక రంగుకు దిగిపోతుంది, చేత్తో రుద్దితే పొడి అంటుకుంటుంది. ఇంకొన్నింటికి పెచ్చులు లేచి, గోటితో గీకితే అట్టలుగా ఊడొస్తుంది, దాని కింద తుప్పు. మనవాళ్లు రెండింటినీ కలిపి "రంగు పోయింది" అనేస్తారు. పెయింటర్ దగ్గరికి పోయి రెండింటికీ ఒకే మందు అడుగుతారు. అక్కడే డబ్బు వృథా అవుతుంది.

వెలిసిపోవడం పైన జరిగే పని. పెయింటులో రంగునిచ్చే పొడి ఒకటి, ఆ పొడిని పట్టి ఉంచే రెజిన్ ఒకటి, పల్చన చెయ్యడానికి థిన్నర్ ఒకటి ఉంటాయి. థిన్నర్ ఆవిరైపోతుంది, మిగిలేది పొడి, రెజిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రోజూ కొంచెం కొంచెంగా పైపొరలోని రెజిన్‌ను విరగ్గొడతాయి. పట్టుకునేది పోయాక పొడి బయటపడుతుంది, మీ చేతికి అంటేది అదే. క్యాబిన్ టాప్, బానెట్ ముందుగా వెలిసేది అందుకే, నిటారుగా ఉండే డోర్లు ఇంకా బాగానే ఉంటాయి. కింద పొర మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఊడిపోవడం కింద నుంచి వచ్చే జబ్బు. రంగుకు, రేకుకు మధ్య పట్టు పోయింది. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండింతలకు పైగా ఉబ్బుతుంది, అది పైనున్న రంగును పొక్కులాగా లేపుతుంది, పొక్కు పగిలితే నీళ్లు లోపలికి పోతాయి, నీళ్లు పోతే ఇంకా తుప్పు. కొన్నిసార్లు తుప్పు లేకుండానే ఊడుతుంది. పోయినసారి పెయింట్ కొట్టినవాళ్లు డీజిలు, గ్రీజు తుడవకుండా కొట్టి ఉంటారు, లేదంటే నున్నగా మెరుస్తున్న పాత ఎనామెల్‌ను, అంటే నూనె పెయింటును, ఎమరీ పేపర్ పట్టకుండా దాని మీదే కొట్టి ఉంటారు.

మా వైపు ఇంకో కారణం కూడా ఉంది, సిమెంటు. సిమెంటు దుమ్ము క్షారం. తెల్లవారుజామున మంచు తడి దాని మీద పడితే ఆ క్షారం మామూలు సింథటిక్ ఎనామెల్‌లోని నూనె రెజిన్‌ను సబ్బుగా మార్చేస్తుంది. ఇది మాటవరసకు చెప్పడం లేదు, సబ్బు తయారీలో జరిగే చర్య అదే. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది ఐదారు వందల మిల్లీమీటర్ల వాన, ఇంత తక్కువ వానలో బండ్లు ఎందుకు తుప్పు పడతాయని అడిగేవాళ్లకు జవాబులో సగం ఈ దుమ్మే. మిగతా సగం కృష్ణపట్నం, చెన్నై రేవులకు పోయి వచ్చే బండ్లు మోసుకొచ్చే ఉప్పుగాలి, పొటాష్ ఎరువుల లోడ్లు.

సరే, మన బండిది ఏ జబ్బో తెలుసుకునేదెట్లా? రెండు పరీక్షలు. మొదటిది, బాగా కడిగి ఆరిన చోట అరచెయ్యంత మేర రబ్బింగ్ కాంపౌండ్, అంటే గరుకు పాలిష్ ముద్ద, పెట్టి తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకు బండి రంగు అంటి, కింద నుంచి మెరుపు తేలితే అది ఒకే పొర పెయింటు, పైన మాత్రమే వెలిసింది. కాంపౌండ్, పాలిష్‌తో అది తిరిగి వస్తుంది, పెయింట్ అవసరమే లేదు. గుడ్డకు రంగు అంటకుండా, బండి మీద తెల్లటి పలచని పొర ముక్కలుగా లేస్తూ ఉంటే అది రంగు మీద వేసిన క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర, చచ్చిపోవడం, మెటాలిక్ రంగుల్లో ఎక్కువ. దానికి ఎంత పాలిష్ పట్టినా దండగ, గీకి మళ్లీ కొట్టాల్సిందే.

రెండోది, బ్లేడుతో ఇంటూ గుర్తు ఆకారంలో రేకు తగిలేదాకా గీసి, దాని మీద మాస్కింగ్ టేపు గట్టిగా అదిమి ఒక్కసారిగా లాగండి. టేపుతో పాటు రంగు వస్తే అక్కడ పట్టు లేదని అర్థం. పెచ్చు లేచిన చోట కాదు, దానికి జానెడు దూరంలో బాగున్నట్టు కనబడే చోట చెయ్యండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ సంగతి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తేదీ దగ్గర పడగానే ఓనరు షెడ్డుకు వచ్చి, "అన్నా, ఈసారికి పైపైన ఒక కోటు లాగించెయ్, వచ్చే ఏడు బాగా చేయిద్దాంలే" అంటాడు. పెయింటర్ కూడా ఏం చేస్తాడు, వచ్చిన బేరం పోగొట్టుకుంటాడా, లాగించేస్తాడు. రాలుతున్న గోడకు సున్నం కొట్టినట్టే అది, కొత్తదీ పాతదీ కలిసి ఊడతాయి. వచ్చే ఏడు మళ్లీ ఎఫ్‌సీ వస్తుంది, మళ్లీ అదే మాట. నాలుగేళ్లు ఇట్లా కొట్టించిన డబ్బు లెక్క వేసుకుంటే ఒకసారి రేకు దాకా పోయి చేయించే ఖర్చు అందులో ఉంటుంది. నా లెక్కలో బండి మొత్తం కొట్టించడం కంటే, పెచ్చులు లేచిన భాగాలను మాత్రం పద్ధతిగా చేయించి మిగతాదానికి పాలిష్ పట్టడం మేలు. చూడ్డానికి రెండు రంగులుగా కనబడుతుందేమో, కనబడనీ. లారీని పెళ్లిచూపులకేమన్నా పంపిస్తామా?

పని మొదలుపెట్టేటప్పుడు ముందు కడగడం, తర్వాత జిడ్డు తియ్యడం, ఆ తర్వాతే ఎమరీ పేపర్. చాలా షెడ్లలో దీన్ని తలకిందులు చేస్తారు. జిడ్డు ఉండగా పేపర్ పడితే ఆ గీతల్లోకి జిడ్డు దూరి కూర్చుంటుంది, ఇంక ఏ థిన్నర్‌కూ రాదు. టైర్లకు మెరుపు రావడానికి పూసే సిలికాన్ పాలిష్‌ల విషయంలోనూ జాగ్రత్త, ఆ తుంపర తగిలిన చోట కొత్త పెయింటు చేప కళ్లలాగా గుండ్రటి గుంతలు పడుతుంది.

పెచ్చులన్నీ గీకాక డోర్ల అడుగు భాగం చూడండి. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే పాత క్యాబిన్లలో ఎక్కువగా పోయేది ఇదే. డోరు అద్దం పక్కన దిగిన నీళ్లు బయటికి పోవడానికి అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, సిమెంటు కలిసి వాటిని మూసేస్తాయి. నీళ్లు లోపలే నిలిచి, లోపలి నుంచి రేకును తినేస్తాయి. బయట మీకు కనబడేది వరసగా నాలుగైదు చిన్న పొక్కులు. వాటిని గీకి పుట్టీ పెడితే వానాకాలం వెళ్లేలోపు అదే చోట అవే పొక్కులు. కాబట్టి ఒక సన్నటి కమ్మీతో ఆ రంధ్రాలను పొడిచి తెరవండి, డోరు లోపలి అట్ట ఊడదీసి టార్చి వేసి చూడండి. రేకు పేపరంత పలచబడి ఉంటే పెయింటర్ పని కాదు, టింకరింగ్ పని, కోసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి. క్యాబిన్ ముందువైపు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కిందా, టాప్ చుట్టూ నీళ్లు పారే గాడిలోనూ ఇదే కథ.

తుప్పును వైర్ బ్రష్‌తో, 80 నంబర్ పేపర్‌తో తెల్లటి ఇనుము కనబడేదాకా తియ్యాలి. గుంతల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, డబ్బా మీద రాసినట్టు తుడిచెయ్యండి. పాత రంగు అంచు మెట్టులాగా ఉండకుండా 120, 220, 320 పేపర్లతో వాలుగా దించాలి, వేలు పెట్టి జరిపితే అంచు తగలకూడదు. కళ్లు మూసుకుని వేలితో చూడండి, కంటికంటే వేలికి బాగా తెలుస్తుంది.

శుభ్రమైన రేకును రాత్రంతా అట్లా వదలకండి, అదే రోజు ప్రైమర్, అంటే అడుగు పూత, పడాలి. రెడ్ ఆక్సైడ్ చవక, అందరూ వాడేది అదే, పరవాలేదు. కానీ సిమెంటు లోడు తోలే బండికి రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి, క్షారానికి అది తట్టుకుంటుంది. ఇంకో మాట, ప్రైమర్ కొట్టి "పైరంగు తర్వాత చూద్దాంలే" అని నెలల తరబడి ఎర్రటి బండిని తిప్పేవాళ్లు ఉన్నారు. మామూలు రెడ్ ఆక్సైడ్ నీటిని పూర్తిగా ఆపదు. రెండు వానలు పడితే దాని కింద తుప్పు మొదలవుతుంది, మళ్లీ మొదటి నుంచి.

పుట్టీ కలిపేటప్పుడు హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు, రెండు శాతం చాలు. ఎండాకాలంలో అదీ ఎక్కువే, పుట్టీ కత్తి మీదే గట్టిపడుతుంది. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ వేస్తే ఆ మచ్చ పైరంగులోంచి కూడా తేలుతుంది. మందంగా ఒక్కసారి పెట్టకుండా పలచగా రెండు మూడుసార్లు పెట్టండి.

పైరంగు ఏది వెయ్యాలన్నదానికి ముందు పాత రంగు ఏదో తెలియాలి. గుడ్డ మీద ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజ్ పెయింటుకు వాడే థిన్నర్ పోసి ఒక మూల రెండు నిమిషాలు అదిమి పెట్టండి. రంగు కరిగి గుడ్డకు వస్తే ఎన్‌సీ పెయింటు. ముడతలు పడి లేస్తే సింథటిక్ ఎనామెల్. ఏమీ కాకపోతే పీయూ, అంటే పాలీయురెథేన్ పెయింటు. ఎనామెల్ మీద నేరుగా ఎన్‌సీ కొడితే కింది రంగు ముడుచుకుపోతుంది, కళ్లముందే, స్ప్రే గన్ను దించేలోపే. పాత ఎనామెల్ గట్టిగా ఉన్న చోట ఎనామెలే కొట్టడం క్షేమం. పీయూకి మెరుపు, ఆయుష్షు ఎక్కువే, కానీ దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి వచ్చిందంటే ఆ పెయింటు వాసన తగిలినా ఊపిరాడదు. ముఖానికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు, బయటి నుంచి పైపుతో శుభ్రమైన గాలి అందించే మాస్కే కావాలి. షెడ్డు ఓనర్లకు చెబుతున్నా, పెయింటర్ కుర్రవాడికి ఆ మాస్కు కొనివ్వండి. పాత పసుపు, నారింజ రంగులను పొడిగా రుద్దించకండి, నీళ్లు పోసి రుద్దించండి. వాటిలో సీసం ఉండొచ్చు. పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న 2016 నాటి నిబంధన ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లకే, బండ్ల పెయింట్లకు కాదు.

ఇంక సీజన్. మనకు దసరా అంటే ఆయుధపూజ, ఆయుధపూజ అంటే బండికి కొత్త రంగు. సంప్రదాయాన్ని తప్పు పట్టడం లేదు కానీ, అనంతపురంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. గాలిలో తేమ ఎక్కువైతే ఎన్‌సీ పెయింటు తెల్లగా మబ్బు పడుతుంది. పైగా షెడ్లన్నీ నిండి ఉంటాయి, ప్రైమర్ ఆరకముందే పైరంగు పడుతుంది. ఆషాఢంలో అంటారా, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ గాలికి లేచిన దుమ్మంతా తడి రంగు మీద వాలుతుంది. మేలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, గన్ను నుంచి వచ్చిన పెయింటు రేకు మీద పరుచుకోకముందే ఆరిపోయి గరుకుగా నిలుస్తుంది. నన్నడిగితే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి రోజులు. పొద్దున మంచు తడి ఆరాక, ఎండ ముదరకముందు కొట్టాలి. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలేసి, నేల మీద నీళ్లు చల్లి, పలచగా రెండు మూడు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య పది పదిహేను నిమిషాలు. దసరాకు బండి మెరవాలంటే పాలిష్ పట్టి, పూలదండ వేసి, గుమ్మడికాయ కొట్టండి, అమ్మవారేమీ అనుకోదు.

కొట్టాక వారం దాకా టార్పాలిన్ తాళ్లు కొత్త రంగును రుద్దుకోకుండా చూసుకోండి, నెల దాకా సర్ఫు నీళ్లతో కడగొద్దు, మామూలు నీళ్లు చాలు. సిమెంటు దింపిన ప్రతిసారీ మాత్రం ఆ సాయంత్రమే నీళ్లు కొట్టెయ్యండి, తెల్లారితే మంచు తడికి అది గట్టిపడుతుంది. రేడియం స్టిక్కర్ల మీద పెయింటు పడితే ఎఫ్‌సీలో ఆపుతారు, ముందే పేపరు అంటించుకోండి. బండి రంగే మార్చాలనుకుంటే ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కదా, షెడ్డుకు పోకముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని ఆ మార్పు రాయించుకోండి. నమస్కారం.