లాంగ్ టర్మ్ వెళ్ళాలా, వచ్చిన సీటులో చేరిపోవాలా? ముందు మీ ఓఎంఆర్ తీయండి

అందరికీ నమస్కారం అండి. ఎంబీబీఎస్ సీటుకి రాసే నీట్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఫోన్ ఆగట్లేదు, అందరిదీ ఒకటే మాట, సార్ మా పాపకి ఇన్ని మార్కులు వచ్చాయి, లాంగ్ టర్మ్ పెట్టమంటారా, లేక వచ్చిన దాంట్లో చేర్పించేయమంటారా అని. లాంగ్ టర్మ్ అంటే మళ్ళీ పరీక్ష రాయడానికి ఏడాది పాటు తీసుకునే కోచింగ్. నేను ఫిజిక్స్ చెప్తాను, లాంగ్ టర్మ్ బ్యాచ్‌లకే ఎక్కువ చెప్తాను, కాబట్టి నేను ఎలాగూ వెళ్ళమనే అంటానని కొంతమంది అనుకుంటారు. కాదు. నా క్లాసులో కూర్చున్న పిల్లల్లో ఆ ఏడాది అక్కడ ఉండాల్సిన అవసరమే లేనివాళ్ళని నేను ప్రతి బ్యాచ్‌లో చూస్తున్నా, అలాగే రావాల్సిన పిల్లల్ని ఇంట్లోవాళ్ళు ఆపేసి వేరే కోర్సులో పడేయడం కూడా చూస్తున్నా, ఈ రెండూ చూసి చూసి ఈ వీడియో చేస్తున్నా.

మార్కులు చెప్పి అడిగితే నేను జవాబు చెప్పలేను అండి, ఎందుకంటే మార్కులు పేపర్‌ని బట్టి ఉంటాయి. 2024 నీట్ గుర్తుందిగా, మొదట రిజల్ట్ ఇచ్చినప్పుడు ఏకంగా 67 మందికి 720కి 720, తర్వాత గ్రేస్ మార్కుల గొడవ, ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న మీద సుప్రీంకోర్టు దాకా కేసు, చివరికి రివైజ్ చేస్తే 17 మంది మిగిలారు. మరుసటి ఏడాది 2025లో ఫిజిక్స్ పేపర్ ఎంత కష్టంగా ఇచ్చారంటే దేశం మొత్తం మీద ఫస్ట్ ర్యాంక్ వచ్చిన అబ్బాయికే 686. అంటే 2024లో 600 వచ్చి సీటు రాక ఏడ్చిన పిల్లలు ఉన్నారు, 2025లో అదే 600 వస్తే ఊళ్ళో ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు. అందుకని ఇంకో 80 మార్కులు పెంచితే చాలు సార్ అని లెక్కలు వేయకండి, వచ్చే ఏడాది పేపర్ ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. చూడాల్సింది ర్యాంకు, అది కూడా మీ కేటగిరీలో, మీ స్టేట్ లిస్టులో ఎక్కడ ఉన్నారని.

ర్యాంకు చూశాక కూడా డిసైడ్ అవ్వకండి. మీ క్వశ్చన్ పేపర్ ఇంట్లో ఉంటుంది, బబుల్స్ దిద్దిన ఆన్సర్ షీట్, అదే ఓఎంఆర్, దాని స్కాన్ కాపీ, ఫైనల్ కీ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వాళ్ళు ఇస్తారు, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూట కూర్చోవాలి. చాలామంది ఈ పని చేయరు, టోటల్ ఎంతో చూసుకుని, ఏడ్చి, ఆ పేపర్ అటక మీద పడేస్తారు. బాధ అర్థమవుతుంది, కానీ లాంగ్ టర్మ్ వెళ్ళాలా వద్దా అనేదానికి జవాబు ఆ పేపర్లోనే ఉంది.

మొన్న ఒక అమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది, 430 మార్కులు. పేపర్ తెచ్చుకోమన్నా, తెచ్చింది. 118 కరెక్ట్, 42 తప్పు, 20 వదిలేసింది. ఆ 42 ఒక్కొక్కటీ వేలు పెట్టి అడుగుతూ వెళ్ళా, ఇది ఎందుకు తప్పైంది నాన్నా అని. ఒక లెన్స్ ప్రశ్న, పక్కన మార్జిన్‌లో పెన్నుతో చేసిన లెక్క కరెక్ట్‌గానే ఉంది, ఆన్సర్ కూడా రౌండ్ చుట్టింది, బబుల్ మాత్రం పక్కది దిద్దింది. బయాలజీలో తప్పు స్టేట్‌మెంట్ ఏది అని అడిగితే కరెక్ట్‌ది పెట్టింది, అలాంటివే నాలుగు. మొత్తం తేల్చితే జవాబు తెలిసీ పొరపాటున తప్పు చేసినవి 11, అస్సలు తెలియకుండా గుడ్డిగా పెట్టినవి 14, మిగతా 17 తనకి వచ్చనుకుని చేసినవి, కానీ కాన్సెప్టే తప్పు. ఇప్పుడు లెక్క చూడండి, తెలిసి తప్పు చేసిన ఒక్కో ప్రశ్నకి 5 మార్కులు పోయాయి, రావాల్సిన నాలుగు, మైనస్ ఒకటి, అంటే 55. గుడ్డిగా పెట్టిన 14 వదిలేసి ఉంటే ఇంకో 14. అంటే కొత్తగా ఒక్క పేజీ చదవకుండానే ఆ పిల్ల 499 దగ్గర ఉండాల్సింది.

ఇంక ఆ 17, వదిలేసిన 20, ఇవి ఏ చాప్టర్లో చూస్తే ఎక్కువగా తగిలింది ఫస్టియర్ ఫిజిక్సే, రొటేషన్, ఆసిలేషన్స్, థర్మోడైనమిక్స్. ఎందుకమ్మా అంటే ఫస్టియర్‌లో వాళ్ళ కాలేజీలో లెక్చరర్ మధ్యలో మానేశారంట, తర్వాత వచ్చినాయన స్పీడుగా మెటీరియల్ చదివించి వెళ్ళిపోయారంట. సెకండియర్ చాప్టర్లు బానే చేసింది. ఇది చూశాక నాకు డౌటే లేదు, ఈ అమ్మాయికి ఏడాది ఇవ్వాలి. ఎందుకు మార్కులు పోయాయో తెలిసింది, అది సరిచేయగలిగేదే, సరిచేయడానికి ఏడాది సరిపోతుంది.

అప్పుడు వాళ్ళమ్మ ఒక మాట అడిగారు, ఆడపిల్లకి ఏడాది వేస్ట్ అయిపోదా సార్, తర్వాత డాక్టర్ అయ్యేసరికి ఎంత వయసు వస్తుంది, పెళ్ళి ఎప్పుడు చేయాలి అని. ఆవిడ కోపంగా అడగలేదు, భయంతో అడిగారు, ఇంట్లో నానమ్మ, మేనత్తలు అందరూ అదే అంటున్నారంట. అదే ఇంట్లో అన్నయ్యకి రెండేళ్ళు లాంగ్ టర్మ్ పెట్టారు అండి. అబ్బాయికి పెట్టినప్పుడు అది పెట్టుబడి, అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి వేస్టా? నేను ఆవిడతో ఇదే అన్నా, అమ్మా ఐదున్నరేళ్ళ కోర్సుకి ఒక ఏడాది కలిస్తే ఆరున్నర అవుతుంది, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మీ అమ్మాయి డాక్టర్‌గానే ఉంటుంది, ఆ ముప్పై ఏళ్ళ పక్కన ఈ ఒక్క ఏడాది పెట్టి చూడండి అని. దయచేసి ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది వినండి, మీ అమ్మాయి పేపర్ చూసి డిసైడ్ చేయండి, వయసు చూసి కాదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇంకో అబ్బాయి, ఆల్రెడీ ఒక లాంగ్ టర్మ్ అయింది, దానికి ముందు కన్నా ర్యాంకు పెద్దగా కదల్లేదు, వాళ్ళ నాన్నగారు రెండోది పెడదాం అంటున్నారు. తప్పులు చూస్తే ఒక చాప్టర్ అని లేదు, అన్నింట్లో అక్కడొకటి అక్కడొకటి. నోటితో అడిగితే టకటకా చెప్తున్నాడు, అంటే చదవక కాదు. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, వీకెండ్ ఎగ్జామ్, ఎర్రర్ లిస్ట్, మళ్ళీ వీకెండ్ ఎగ్జామ్, ఇదంతా ఏడాది చేశాడు, ఎగ్జామ్ హాల్లో చేతులు వణుకుతున్నాయంట. అదే హాస్టల్, అదే టైమ్ టేబుల్, అదే మెటీరియల్ ఇంకో ఏడాది పెడితే ఏం మారుతుంది? నాన్నగారిని కాసేపు బయట కూర్చోమని వాడిని ఒక్కడినే అడిగా, ఏం చేద్దామనుకుంటున్నావురా అని. అగ్రికల్చర్ బీఎస్సీ చేస్తా సార్, నాన్నకి చెప్పే ధైర్యం లేదు అన్నాడు. వాళ్ళు మిర్చి వేసే కుటుంబం, రాష్ట్ర ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ర్యాంకు ఉంది, మన రెండు రాష్ట్రాల వ్యవసాయ యూనివర్సిటీల్లో రైతు కుటుంబాల పిల్లలకి విడిగా కోటా కూడా ఉంది. ఇంట్లో ఎవరూ ఆ అబ్బాయిని ఈ ఒక్క ప్రశ్న అడగలేదు, అదే బాధ.

నీట్‌తో వచ్చిన చిక్కు ఏంటంటే ఎన్నిసార్లయినా రాయొచ్చు, పై వయసు పరిమితి కూడా 2022లో తీసేశారు. కాబట్టి ఆగు అని చెప్పే రూల్ లేదు, మనమే ఆపుకోవాలి. నా అభిప్రాయం అడిగితే మొదటి లాంగ్ టర్మ్‌కి కారణం కనిపిస్తే చాలు, రెండోదానికి మాత్రం మొదటి ఏడాదిలో ర్యాంకు గట్టిగా ముందుకి జరిగిందా, ఇంకా ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించగలమా, పిల్లకి ఇంకా ఓపిక ఉందా, ఈ మూడూ ఉంటేనే. మూడో ఏడాది అంటే నేను వద్దనే చెప్తా.

ఇంజినీరింగ్ కోసం జేఈఈ రాసేవాళ్ళకి లెక్క వేరు. మెయిన్స్ వరసగా మూడేళ్ళు రాయొచ్చు కానీ ఐఐటీలకి రాసే అడ్వాన్స్‌డ్ రెండే, ఇంటర్ మొదటిసారి రాసిన ఏడాది, దాని తర్వాతి ఏడాది, అంతే. ఇంటర్ మళ్ళీ రాసినా ఆ లెక్క మారదు. ఐఐటీలో ఏదో ఒక బ్రాంచ్ తీసుకుని మళ్ళీ అడ్వాన్స్‌డ్ రాద్దాం అనుకుంటే అది కూడా కుదరదు. 2024 నవంబర్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి, 5వ తారీఖున అడ్వాన్స్‌డ్ మూడుసార్లు రాయొచ్చని నోటీసు పెట్టారు, 18కల్లా మళ్ళీ రెండే అన్నారు, ఆ మధ్యలో కొంతమంది పిల్లలు నోటీసు నమ్మి చేరిన కాలేజీలు మానేశారు. చివరికి సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఆ తేదీల మధ్య మానేసినవాళ్ళకి మాత్రం అవకాశం ఇచ్చింది. అందుకే చెప్తున్నా, రూల్ బ్రోచర్‌లో అచ్చయ్యే దాకా చేరిన సీటు వదలకండి.

ఇంజినీరింగ్ పిల్లలకి నేను లాంగ్ టర్మ్ చెప్పేది చాలా తక్కువ. ఎంబీబీఎస్‌కి నీట్ తప్ప ఇంకో దారి లేదు, కానీ ఇంజినీరింగ్‌లో నాలుగేళ్ళ తర్వాత గేట్ రాసి ఐఐటీకి ఎంటెక్ వెళ్ళొచ్చు, మామూలు కాలేజీలో చదివి మంచి ఉద్యోగం కొట్టినవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు. ఈఏపీసెట్ ర్యాంకు కోసం, ఫలానా కాలేజీలో సీఎస్ఈ కోసం ఏడాది వదిలేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. అడ్వాన్స్‌డ్ ఇంకో కొద్దిలో పోయింది, పోయిన కారణం తెలుసు అంటే అది వేరే విషయం.

ఇప్పుడు అందరూ చేసే ఇంకో పొరపాటు. లాంగ్ టర్మ్ బ్యాచ్‌లు జూన్, జూలైలోనే మొదలవుతాయి, మెడికల్ కౌన్సెలింగ్ చూస్తే అక్టోబర్ దాకా, ఒక్కోసారి ఇంకా ఆపైకి కూడా సాగుతుంది. హాస్టల్లో చేరిపోయాంగా అని కౌన్సెలింగ్‌కి రిజిస్టరే చేసుకోరు! చేసుకోండి అండి. తెలంగాణ వాళ్ళు కాళోజీ యూనివర్సిటీలో, ఆంధ్రా వాళ్ళు ఎన్టీఆర్ యూనివర్సిటీలో అప్లై చేసి వెబ్ ఆప్షన్లు పెట్టుకోండి, ర్యాంకు బోర్డర్లో ఉన్నవాళ్ళకి చివరి రౌండ్లలో ప్రభుత్వ కోటా కన్వీనర్ సీటు తగిలిన సందర్భాలు ఉన్నాయి. తెలంగాణలో ప్రైవేట్ కాలేజీలో ఏ కేటగిరీ, అంటే ఈ కన్వీనర్ సీటు ఫీజు ఏడాదికి 60 వేలు, అదే బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీటు అయితే 11 లక్షల పైన, అదే కాలేజీ, అదే బెంచి. అందుకే ఆ చివరి రౌండ్ విలువ ఎంతో ఆలోచించండి. కానీ ఒక జాగ్రత్త, ఆలిండియా కోటాలో చివరి రౌండ్ అయిన స్ట్రే రౌండ్‌లో సీటు అలాట్ అయ్యాక చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, తర్వాతి ఏడాది నీట్ కూడా రాయనివ్వరు. మళ్ళీ రాద్దామనుకునేవాళ్ళు చేరే ఉద్దేశం లేని కాలేజీని అక్కడ ఆప్షన్‌గా పెట్టకండి.

చేరి, చదువుతూనే మళ్ళీ రాస్తా అనేవాళ్ళు ముందు సర్టిఫికెట్ల సంగతి చూసుకోండి. యూనివర్సిటీలు, కాలేజీలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, అయినా మన దగ్గర టీసీ అడిగితే నాలుగేళ్ళ ఫీజు కట్టమనే కాలేజీలు ఉన్నాయి, పిల్లలు వాటి చుట్టూ తిరగడం నా కళ్ళతో చూశా. చేరేటప్పుడే మానేస్తే ఏంటి అని అడిగి రాయించుకోండి, ఇచ్చిన ప్రతిదానికీ రసీదు, జిరాక్స్ పెట్టుకోండి. స్టడీ గ్యాప్ సర్టిఫికెట్ కొన్నిచోట్ల అడుగుతారు, దానికి భయపడక్కర్లేదు, ఆ ఏడాది ఏం చేశారో చెప్పే కాగితం అంతే.

ఏడాది తీసుకుంటున్న పిల్లలకి ఒక్క మాట. మీ ఫ్రెండ్స్ ఫ్రెషర్స్ డే ఫొటోలు పెడతారు, దసరాకి ఇంటికొస్తే ఇంకా కోచింగేనా అంటారు, ఆగస్టు, సెప్టెంబర్‌లో మార్కులు పడిపోతాయి, ఇవన్నీ దాదాపు అందరికీ జరుగుతాయి. నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలని లేదు అనిపించినా ఆ రోజే ఇంటికి ఫోన్ చేయండి, లేదా 14416కి చేయండి, టెలిమానస్ అని గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులూ, పిల్లలు ఇంటికొచ్చేస్తా అని ఏడిస్తే ఫీజు కట్టేశాం కదా అనొద్దు, వెళ్ళి తీసుకురండి. ఫీజు మళ్ళీ సంపాదించుకోవచ్చు.

ఇక చేర్పించే ముందు క్యాంపస్‌కి ఆదివారం కాకుండా మామూలు రోజు వెళ్ళండి, అడ్మిషన్ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని రాకుండా భోజనాల టైమ్‌కి మెస్ దగ్గర నిలబడి పిల్లల్నే అడగండి, ఫిజిక్స్ ఎవరు చెప్తున్నారు, డౌట్ అడిగితే చెప్తారా, సెక్షన్‌కి ఎంతమంది అని. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి, విడతలుగా కట్టండి, మధ్యలో సీటు వచ్చి వెళ్ళిపోతే ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇమ్మనండి. రాసివ్వం అంటే లేచి వచ్చేయండి, అదే రోడ్డు మీద ఇంకో నాలుగు ఉంటాయి.